బాబాయి ఇండియా వెళ్ళాడని చెప్పాం. ఇప్పుడు స్కూల్లో ఆ నవల చదివిస్తారట

టెక్సస్ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం, కుదించి చెబుతున్నాను.

ఆవిడకు పదేళ్ళ కొడుకు, ఫిఫ్త్ గ్రేడ్. మరిది ఎమ్మెస్ కోసం అమెరికా వచ్చి, చదువు అయ్యాక అక్కడే ఉద్యోగంలో చేరాడు. వేరే ఊళ్ళో ఉన్నా శుక్రవారం రాత్రికల్లా అన్నగారింట్లో వాలిపోయేవాడు. పిల్లాడికి సైకిల్ నేర్పింది ఆ బాబాయే. పోయిన జూలైలో స్నేహితులతో లేక్‌కి వెళ్ళి నీళ్ళలో మునిగిపోయాడు. ఇరవై ఆరేళ్ళు. ఆ రోజు తనూ వెళ్తానని పిల్లాడు ఏడిస్తే, మ్యాథ్స్ క్లాసుందని ఈవిడే ఆపారు. భర్త తమ్ముణ్ణి తీసుకుని ఇండియా వెళ్ళారు, తల్లీకొడుకులు టెక్సస్‌లోనే ఉండిపోయారు. పిల్లాడికి మాత్రం, ‘బాబాయి నాన్నతో ఇండియా వెళ్ళాడు, నానమ్మకి తోడుగా అక్కడే ఉంటాడు’ అని చెప్పారు. “అది పూర్తిగా అబద్ధం కూడా కాదు కదండీ” అని ఆవిడే రాశారు.

ఇప్పుడు సంగతేమిటంటే, ఏప్రిల్లో క్లాసంతా కలిసి ‘బ్రిడ్జ్ టు టెరబీథియా’ నవల చదువుతారని టీచర్ ఈమెయిల్ పంపింది. ఆవిడ కథేమిటో చూసుకుని హడలిపోయారు. అందులో పదేళ్ళ పిల్లవాడి నేస్తం వాగులో పడి చనిపోతుంది. భర్త “వేరే పుస్తకం ఇమ్మని రాసెయ్” అంటున్నారు. అత్తగారు ఫోన్లో “అకాల మృత్యువు మాట పసివాడి ముందు ఎత్తకండి” అంటున్నారు. జూన్ చివర్లో సంవత్సరీకానికి ముగ్గురూ వెళ్ళాలి. టికెట్లు కొన్న దగ్గర్నుంచీ పిల్లాడు కడుపునొప్పి అంటున్నాడు, ఇండియా రానంటున్నాడు. పోయినసారి దోమలు కుట్టాయి, అందుకేమో అని ఆవిడ అనుమానం. ఉత్తరం మధ్యలో ఇంకో మాట: “మొదట్లో బాబాయికి వీడియో కాల్ చెయ్యమని రోజూ పేచీ పెట్టేవాడు. దసరా తర్వాత అడగడం మానేశాడు. పిల్లలు తొందరగా మర్చిపోతారు కదా.”

అడిగినవి రెండు. పుస్తకం ఆపించాలా, వద్దా? అసలు అమెరికావాళ్ళు చిన్నపిల్లలకు చావు కథలు ఎందుకు చదివిస్తారు? మన కథల్లో యముడి దగ్గర్నుంచి కూడా ప్రాణం వెనక్కి తెచ్చుకుంటారు కదా?

అమ్మా,

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు అమెరికన్ నవల చెప్పినదాన్ని, నాకు అదే సులువు.

అకాల మరణం వాళ్ళ నవలకు కొత్త సరుకేమీ కాదు, మొదట్నుంచీ ఉంది. పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ చావు వచ్చిపోతుండే కాలంలో ఆ నవల పెరిగింది. హ్యారియెట్ బీచర్ స్టోవ్ 1849లో ఏడాదిన్నర కొడుకును కలరాకు పోగొట్టుకుంది. మూడేళ్ళకు, 1852లో, ఆవిడ నవల ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ పుస్తకంగా వచ్చింది. అందులో ఈవా అనే చిన్నపిల్ల చనిపోయే ఘట్టానికి దేశమంతా ఏడ్చింది. ఆ తర్వాత నవలల్లో పసిపిల్లలు చనిపోవడం ఎంత రివాజయిపోయిందంటే, మార్క్ ట్వేన్ ‘హకల్‌బెరీ ఫిన్’లో దాన్ని పట్టుకుని ఆటపట్టించాడు. అందులో ఎమ్మెలిన్ అనే అమ్మాయి, ఊళ్ళో ఎవరు పోయినా శవం చల్లారకముందే పద్యం రాసి పట్టుకొస్తుంది. ముందు డాక్టరు, తర్వాత ఎమ్మెలిన్, ఆ తర్వాతే పాడె కట్టేవాడు! క్లాసులో ఇది చెబుతుంటే పిల్లలు పడిపడి నవ్వేవారు. అంత వేళాకోళం చేసిన ట్వేన్ కూడా 1896లో ఇరవై నాలుగేళ్ళ కూతుర్ని పోగొట్టుకున్నాడు. అప్పుడాయన ఇంగ్లండ్‌లో ఉన్నాడు, చివరి చూపు దక్కలేదు.

నా సొంత అనుభవం ఒకటి చెప్పనివ్వండి. చిన్నప్పుడు మా ఇంట్లో లూయిసా మే ఆల్కాట్ నవల ‘లిటిల్ విమెన్’ ఉండేది. అందులో బెత్ అనే అమ్మాయికి విషజ్వరం వస్తుంది, గండం గడిచి లేచి కూర్చుంటుంది, తండ్రి ఇంటికొస్తాడు, కథ సుఖాంతం. ఎమ్మే చదివేటప్పుడు తెలిసింది, నేను చదివింది 1868లో వచ్చిన మొదటి భాగమేనని. 1869లో వచ్చిన రెండో భాగంలో బెత్ చనిపోతుంది. రచయిత్రి సొంత చెల్లెలు ఎలిజబెత్ 1858లో అలాగే క్షీణించి పోయింది, ఇరవై రెండేళ్ళకు. నాకు బెత్ చనిపోయినందుకు కాదు ఏడుపొచ్చింది. అన్నేళ్ళూ ఆ పిల్ల బతికే ఉందని నమ్మించినందుకు వచ్చింది. ఎవరూ కావాలని చేసింది కాదు, మా ఇంట్లో ఉన్న పుస్తకం అంతే. అయినా మోసపోయినట్టే అనిపించింది. మీ అబ్బాయి విషయంలో నా మొదటి ఆలోచన ఇక్కడి నుంచే వచ్చింది.

ఇక మీరు భయపడుతున్న పుస్తకం. నెట్‌లో కథాసారం చదివి ఊరుకున్నట్టున్నారు. పుస్తకమే తెచ్చుకోండి, చిన్నదే. క్యాథరిన్ పాటర్సన్ రాసింది, 1977లో వచ్చింది, మరుసటి ఏడాది, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబరీ మెడల్ అందుకుంది. ఆవిడ కొడుకు డేవిడ్‌కు ఎనిమిదేళ్ళప్పుడు వాడి స్నేహితురాలు పిడుగుపాటుకు చనిపోయింది. పిల్లవాడు తట్టుకోలేకపోయాడు, తల్లికి ఏం చెప్పాలో తెలియలేదు. చెప్పలేకపోయిన తల్లి రాసిన పుస్తకం అది. సరిగ్గా మీ స్థితిలో ఉన్న మనిషి రాసింది.

కథలో జెస్ అనే పదేళ్ళవాడు, పక్కింటికి కొత్తగా వచ్చిన లెస్లీ. తాడు పట్టుకుని వాగు మీదుగా ఊగి అవతల అడవిలోకి దూకుతారు, అక్కడొక రాజ్యం కట్టుకుంటారు. వానలకు వాగు పొంగుతుంది. ఓ ఉదయం మ్యూజిక్ టీచర్ జెస్‌ను వాషింగ్టన్‌లో మ్యూజియం చూపిస్తానని తీసుకెళ్తుంది. లెస్లీని కూడా పిలుద్దామని అడగొచ్చు, వాడు అడగడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అందరూ వంటింట్లో కూర్చుని ఉంటారు. తాడు తెగింది, లెస్లీ చనిపోయింది.

మీ గుండె ఎక్కడ ఆగిందో నాకు తెలుసు. వెళ్ళనివాడు బతికాడు అన్న చోట. మీ అబ్బాయి కూడా ఆ రోజు వెళ్ళలేదు. మీరు ఆపారు. తొమ్మిది నెలలుగా ఆ మ్యాథ్స్ క్లాసుకు దణ్ణం పెట్టుకుంటూ, అలా పెట్టుకున్నందుకు సిగ్గుపడుతూ కూడా ఉండి ఉంటారు. ఇంట్లో ఒక ప్రాణం పోయి మన పిల్లాడు మిగిలాడన్న ఊరట ఎవరికీ చెప్పుకోలేం. నాకు చెప్పారనే అనుకుంటాను.

కానీ ఆ పుస్తకంలో చావు ఒక్క వాక్యంలో అయిపోతుంది. తర్వాత పేజీలన్నీ మిగిలినవాడి గురించే. జెస్ వినగానే నమ్మడు, పరుగెత్తిపోతాడు. మర్నాడు పొద్దున అట్లు తింటాడు, ఏమీ జరగనట్టు. లెస్లీ ఇచ్చిన రంగుల డబ్బా తీసుకుపోయి వాగులో విసిరేస్తాడు. చెల్లెల్ని కొడతాడు. దహనం చేసేశారని విని, ఇక మళ్ళీ చూడనే చూడలేనని రగిలిపోతాడు. అందరూ దెయ్యంలా చూసే టీచరమ్మ ఒకావిడ వాణ్ణి క్లాసు బయటికి పిలిచి ఒక మాట చెబుతుంది. తన భర్త పోయినప్పుడు ఏడవకమ్మా, మరిచిపో అని అందరూ అన్నారట. తనకు మాత్రం మరిచిపోవాలని లేదట. ఆ పేజీ మీరు తప్పకుండా చదవండి.

మన కథల్లో ప్రాణాలు తిరిగొస్తాయన్నారు. సత్యవంతుడు వచ్చాడు, లోహితాస్యుడు వచ్చాడు, మార్కండేయుడు నిలిచాడు. అభిమన్యుడు రాలేదు కదమ్మా. ఆ రోజు తండ్రి దగ్గర లేడు, చంపడమో చావడమో అని ఒట్టేసుకొచ్చిన సంశప్తకులతో యుద్ధంలో ఉన్నాడు. సాయంత్రం అర్జునుడు శిబిరానికి వస్తుంటే వాద్యాలు మోగవు, ఎదురొచ్చినవాళ్ళు మొహం ఎత్తరు, కొడుకు కనబడడు. ఎవరూ చెప్పకముందే ఆయనకు తెలిసిపోతుంది. మౌనమే చెప్పేసింది.

మీ ఇంట్లోనూ చెప్పేసిందని నా అనుమానం. దసరా తర్వాత వీడియో కాల్ అడగడం మానేశాడన్నారు. మరిచిపోయిన పిల్లాడు ఆ మాట ఎప్పుడో ఒకసారి మళ్ళీ ఎత్తుతాడు. అడగకూడదని తెలిసినవాడే పూర్తిగా మానేస్తాడు. మీరు ఫోన్లో నెమ్మదిగా మాట్లాడటం, నాన్న గరాజ్‌లో ఒంటరిగా నిలబడటం, నానమ్మ వీడియోలో తన మొహం చూసి కళ్ళు తుడుచుకోవడం, ఇవన్నీ వాడు కూడుకునే ఉంటాడు. ఒకవేళ నిజంగా ఏమీ తెలియకపోతే సంగతి ఇంకా కష్టం. అంత ప్రేమగా ఉన్న బాబాయి ‘బై’ కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు, ఒక్కసారీ ఫోన్ చెయ్యలేదు. తను ఏడిచి పేచీ పెట్టినందుకే కోపం వచ్చిందనుకోడా?

దోమల సంగతి నాకు నమ్మకం కుదరడం లేదు. మీ ఇంట్లో ‘ఇండియా వెళ్ళాడు’ అంటే ఏమిటో వాడు తొమ్మిది నెలలుగా చూస్తున్నాడు. వెళ్ళినవాడు తిరిగి రాడు, గొంతు వినబడదు, పేరెత్తితే పెద్దవాళ్ళు మాట మారుస్తారు. ఇప్పుడు అదే ఇండియాకు వాడికీ టికెట్ కొన్నారు. కడుపు నొప్పి రాదూ! ముందు డాక్టరుకు చూపించండి, కడుపులో నిజంగా ఏదైనా ఉందేమో తేల్చుకోవాలి. ఆ తర్వాత ఈ సంగతి ఆలోచించండి.

అందుకని ఏప్రిల్ గురించి మీరు పడుతున్న కంగారు నాకు లేదు. మీ అసలు గడువు జూన్. నానమ్మ ఇంటి హాల్లో బాబాయి ఫొటోకి దండ వేసి ఉంటుంది. గడప దాటగానే కనబడుతుంది. దాన్ని ఏ టీచరూ ఆపలేరు. పది రోజులు ఫొటో తీసి దాచమని కొడుకును పోగొట్టుకున్న తల్లికి చెప్పగలరా?

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. మీవారు చెప్పినట్టు టీచర్‌కు రాయొచ్చు. అమెరికా స్కూళ్ళు ఇలాంటి వినతిని సాధారణంగా మన్నిస్తాయి, వేరే పుస్తకం ఇస్తాయి. ఈ నవలకు అభ్యంతరాలు కొత్త కూడా కాదు. 1990లలో అక్కడ ఎక్కువ అభ్యంతరాలు వచ్చిన పుస్తకాల్లో మొదటి పదిలో ఇదొకటి. అందువల్ల మీరు రాస్తే ఎవరూ వింతగా చూడరు. కాకపోతే క్లాసులో మిగతా అందరూ చదువుతారు. లంచ్ టేబుల్ దగ్గర ఆ పిల్ల ఎలా చనిపోయిందో మాట్లాడుకుంటారు. మీవాణ్ణి మాత్రం లైబ్రరీలో కూర్చోబెడితే, “నీకెందుకు వద్దన్నారు?” అని ఎవరో ఒకరు అడుగుతారు. వాడి దగ్గర జవాబుండదు.

ఇలాంటిదే ఇంకో నవలలో ఉంది. జేమ్స్ ఏజీ అనే అమెరికన్ రచయితకు ఆరేళ్ళప్పుడు, 1916లో, తండ్రి కారు ప్రమాదంలో పోయాడు. దాన్నే ‘ఎ డెత్ ఇన్ ద ఫ్యామిలీ’గా రాసుకున్నాడు. అది అచ్చయ్యేలోపు ఆయనే నలభై అయిదేళ్ళకు పోయాడు. పుస్తకం 1957లో వచ్చింది. అందులో తల్లి పిల్లలిద్దర్నీ దగ్గరికి తీసుకుని, నాన్న ఇక ఇంటికి రారు, స్వర్గానికి వెళ్ళారు అని సున్నితంగా చెప్పుకొస్తుంటుంది. రూఫస్ అనే ఆ పిల్లవాడు సూటిగా అడిగేస్తాడు, నాన్న చనిపోయాడా అని. ఆవిడకు చెంపదెబ్బ తగిలినట్టవుతుంది, మెల్లగా తలూపుతుంది. తర్వాత వాడు వీధిలోకి వెళ్తే, మీ నాన్న తాగి నడిపాడట అని పెద్ద పిల్లలు అంటారు. ఇంట్లో చెప్పని ఖాళీని వీధి అలా నింపుతుంది. మీవాడి చుట్టూ ఉన్న తెలుగు కుటుంబాల్లో లేక్ సంగతి తెలియని ఇల్లు ఒక్కటైనా ఉందా? ఏ పుట్టినరోజు పార్టీలోనో ఎవరి పిల్లలో అనేయడానికి ఎంతసేపు పడుతుంది?

ఏమీ చెప్పకుండా పుస్తకం చదవనివ్వడం ఇంకో దారి. కథలోంచి వాడే అర్థం చేసుకుంటాడులే అని వదిలేయడం. దీంట్లో మీకు శ్రమ తక్కువ. కాని ఆ పేజీ దగ్గర వాడు పాతికమంది మధ్య ఒక్కడే అయిపోతాడు. తెలిసిన సంగతి తెలియనట్టు నటించాలి, అదీ మీ కోసం. ఈ దారి నాకు బొత్తిగా నచ్చలేదు.

లేదా ముందు నిజం చెప్పి, ఆ తర్వాత పుస్తకం సంగతి వాణ్ణే అడగొచ్చు. ఇలాంటి కథ ఉంది, క్లాసుతో చదువుతావా, మనిద్దరం ఇంట్లో చదువుకుందామా, ఇప్పుడు వద్దా అని. వద్దంటే టీచర్‌కు రాయండి. అప్పుడది వాడు తీసుకున్న నిర్ణయం, ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి వాడి దగ్గర మాట ఉంటుంది. నా మొగ్గు ఇటే. ఇందులో ఉన్న కష్టం దాచను. వాడు చాలా కోప్పడతాడు. బాబాయి పోయినందుకు ఎంతో, మీరు దాచినందుకూ అంత. ‘ఇంకేం దాచారు?’ అని అడుగుతాడు. కొన్నాళ్ళు మీరు కూరగాయలకు వెళ్ళొస్తానన్నా అనుమానంగా చూస్తాడు. లేదా ఏమీ అనకుండా వెళ్ళి వీడియో గేమ్ ఆడుకుంటాడు. జెస్ అట్లు తినలేదూ? మనసు లేదని కాదు, ఇంకా అందలేదని.

చెప్పేటప్పుడు ‘వెళ్ళిపోయాడు’, ‘దేవుడు తీసుకెళ్ళాడు’, ‘నిద్రపోయాడు’ లాంటి మాటలు వద్దు. వెళ్ళడం అన్న మాటతోనే ఇంత దూరం వచ్చాం. ‘చనిపోయాడు’ అనండి. మీవాడు కలలు కనేది ఇంగ్లీషులో అయితే ‘బాబాయి డైడ్’ అని ఆ భాషలో కూడా చెప్పండి, సందేహం మిగలకూడదు. లేక్‌లో మునిగిపోయాడని చెప్పండి. నువ్వు ఏడిచినందుకు కాదు, నీ మీద కోపంతో కాదు అని వాడు అడగకపోయినా చెప్పండి. అబద్ధం చెప్పాం, మాకు చెప్పడం చేతకాలేదు అని కూడా అనండి. తల్లిదండ్రులు ఆ మాట అంటే పిల్లల దగ్గర పలచనైపోతారని మన పెద్దవాళ్ళకో భయం. నేను చూసినంతలో అలా జరగలేదు. టీచర్‌కూ, స్కూల్ కౌన్సెలర్‌కూ రెండు ముక్కలు రాసి ఉంచండి. ఆ రోజు వాడు క్లాసులోంచి లేచి వెళ్తే ఎందుకో వాళ్ళకు తెలియాలి.

మీ అత్తగారి మాట తీసెయ్యకండి. ఆవిడ భయం వేరు, ఒకణ్ణి పోగొట్టుకున్నారు, మనవడికి ఆ గాలి కూడా సోకకూడదని. ఆవిడతో ఒకటి అని చూడండి. గుళ్ళో తీర్థం ఇస్తూ పంతులుగారు “అకాల మృత్యు హరణం” అంటారు కదా అత్తయ్యా, మీ మనవడు చెయ్యి చాపినప్పుడూ ఆ మాట అంటూనే పోశారు కదా అని. నోట రాకూడని మాటయితే గుళ్ళో రోజూ పలకరు. ఆవిడ ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకున్నా లేకపోయినా, పిల్లాడికి తెలుసన్న సంగతి జూన్‌కి ముందే ఆవిడకు తెలియాలి. లేకపోతే ఆవిడ అక్కడ పాత కథే చెబుతారు.

ఇక మీవారు. ‘వేరే పుస్తకం ఇమ్మని రాసెయ్’ అన్నది పిల్లాడి కోసమేనా? తమ్ముణ్ణి అమెరికా రమ్మన్నది తనేనని ఆయన ఎప్పుడూ అనలేదని మీరు రాశారు. అనకపోవడమే నన్ను ఆపింది. ట్వేన్ సంగతి ఇందాక చెప్పానే, ఆయన స్టీమర్ పడవ నడిపే పైలట్ పని నేర్చుకుంటున్న రోజుల్లో తమ్ముడు హెన్రీకి అదే పడవలో చిన్న ఉద్యోగం ఇప్పించాడు. తను ఒక గొడవ జరిగి ఆ పడవ దిగిపోయాడు. 1858 జూన్‌లో బాయిలర్లు పేలాయి. వెనక వేరే పడవలో వస్తున్న ట్వేన్ మెంఫిస్ చేరి, తమ్ముడు పోయేదాకా పక్కనే ఉన్నాడు. హెన్రీకి పంతొమ్మిదేళ్ళు. ఆ తప్పు తనదేనని ఆయన జీవితాంతం అనుకున్నాడు. పాతికేళ్ళ తర్వాత గానీ ‘లైఫ్ ఆన్ ద మిసిసిపీ’లో ఆ కథ పూర్తిగా చెప్పుకోలేదు. మీవారిని అన్నేళ్ళు ఆగనివ్వకండి. పిల్లాడికి చెప్పే రోజు ఆయన గదిలో ఉండాలి, మాటలు మీరే చెప్పినా సరే. ఆయన ఏడిస్తే ఏడవనివ్వండి. నాన్న ఏడవడం చూస్తే మీవాడికి, తొమ్మిది నెలలుగా తను ఊహించుకున్నది నిజమేనని తెలుస్తుంది.

పుస్తకం మీరు ముందే చదవాలా అని ఉత్తరం చివర చిన్న అక్షరాలతో అడిగారు. చదవండి. మొత్తం పదమూడు అధ్యాయాలు. పదోదాని పేరు ‘ద పర్‌ఫెక్ట్ డే’, ఆ వార్త దాని ఆఖర్లో వస్తుంది. పిల్లాడితో కలిసి చదివితే ఆ అధ్యాయం రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టకండి, శనివారం పొద్దున పెట్టుకోండి. ఆ శనివారం మ్యాథ్స్ క్లాసుంటే మానిపించండి. లైబ్రరీలో రెండు కాపీలు తీసుకోండి. రెండోది డైనింగ్ టేబుల్ మీద మీవారు కూర్చునే వైపు పెట్టి ఊరుకోండి, చదవమని మాత్రం అనకండి.